తొలి పంటకు ముందు: తూర్పు కనుమలలో పాస్క పండుగ, విశ్వాస పునరుద్ధరణ

కథోలిక సంఘపు ఆరాధనా సంవత్సరానికి శిఖరం క్రిస్మస్ కాదు, పాస్క పండుగ. నక్షత్రాలు కట్టి, కొత్తబట్టలు తొడిగి, కేకులు పంచుకునే డిసెంబరు సందడిని చూసినవారికి ఈ మాట వింతగా తోచవచ్చు గాని, యేసు పుట్టుకను స్మరించే పండుగ రోము నగరంలో నాలుగవ శతాబ్దిలో గాని కనబడదనీ, ఆయన మరణించి తిరిగి లేచిన సంగతిని స్మరించే పండుగ రెండవ శతాబ్ది నాటికే, దాని తేదీ గురించి పీఠాధిపతులు తగవులాడుకునేంతగా వేరూని ఉన్నదనీ చరిత్ర చెబుతుంది. ఈస్టర్ అని లోకం పిలిచే ఈ పండుగను తెలుగు కథోలికులు పాస్క అనడం పరిపాటి. ఐగుప్తు బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడిన రాత్రిని యూదులు స్మరించుకునే పండుగ పేరే అది. ఈ పండుగ రాత్రి సంఘమంతా లేచి నిలబడి, తాము ఎన్నడో పొందిన జ్ఞానస్నానపు వాగ్దానాలను మళ్లీ పలుకుతుంది. ఒకసారి ఇచ్చిన మాట ఒక్కసారికే చెల్లుతుందనుకుంటే, దానిని ఏటేటా తిరిగి పలకడంలో కొత్తదయ్యేది ఏమిటన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. అరకు లోయలోనూ దానిని చుట్టుకొని ఉన్న తూర్పు కనుమల మన్యంలోనూ ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. ఆ కొండలలో క్రైస్తవం రాకముందు నుంచీ ఏడాది పొడుగునా పంట పంటకూ 'కొత్త' జరుపుకునే ఆచారం ఉండటమే అందుకు కారణం.

పాస్క తేదీని చంద్రుడు నిర్ణయిస్తాడు. 325లో నైసీయాలో సమావేశమైన విశ్వసభ ఈ పండుగను అందరూ ఒకే ఆదివారం జరుపుకోవాలని తీర్మానించిన తరువాత, మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం అన్న లెక్క క్రమంగా స్థిరపడింది. తెలుగు పంచాంగంతో పోల్చి చూస్తే చాలా ఏళ్లలో ఆ పున్నమి చైత్ర పున్నమే అవుతుంది: 2025లో ఏప్రిల్ 20న వచ్చిన పాస్కకూ, 2026లో ఏప్రిల్ 5 నాటి పాస్కకూ ముందున్నది చైత్ర పున్నమే, 2024లో మాత్రం పండుగ మార్చి 31కే రావడం వల్ల అది ఫాల్గుణ పున్నమి వెంట నడిచింది. ఇదే చైత్రంలో విశాఖ మన్యంలోని గిరిజనులు ఇటుకల పండుగ చేస్తారు. విత్తనాలను ఊరి దేవత ముందు పెట్టి పూజించి ఇంటింటికీ పంచుకోవడం, మగవారు గుంపులుగా వేటకు పోవడం, ఆడవారు దారులు కాసి వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ డబ్బులు వసూలు చేయడం ఆ పండుగలోని ముఖ్యమైన అంగాలు. ఎండాకాలపు తొలి జల్లులు పడితే కాఫీ తోటలలో కొమ్మల నిండా తెల్లని పూలు విచ్చుకొని, మల్లెలను తలపించే వాసన నాలుగైదు రోజులు లోయంతా నిలిచేదీ ఈ రోజులలోనే. ఆ పూలు కాయలై పండి కోతకు వచ్చేసరికి నవంబరు దాటుతుంది. అరకు, అనంతగిరి, డుంబ్రిగూడ మండలాల కథోలికుడికి పాస్కకు ముందరి పవిత్ర వారం వచ్చేది కొండ సంవత్సరం తిరగబడే ఈ కీలుమీదనే.

కొత్తల పండుగ నియమం చూడటానికి చిన్నది, ఆచరణలో కఠినమైనది. సామ, కొర్ర, కంది వంటి ప్రతి పంటకూ, చివరకు మామిడి కాయకు కూడా, ఒక 'కొత్త' ఉంటుంది. చెట్టునిండా కాయలు వేలాడుతున్నా, కంకి పాలు గట్టిపడి గింజ అయినా, ఊరి పూజారి తొలి ఫలాన్ని నిశాని దేవతకో జాకర దేవతకో సమర్పించి, పెద్దలకు, అంటే చనిపోయిన పూర్వీకులకు, వారి పాలు పెట్టేదాకా ఆ పంటను ఎవరూ నోట పెట్టరు. ఇంట్లో నిల్వ గింజలు అయిపోయి చోడి అంబలి పలచబడిన రోజులలోనైనా ఈ నిషేధం నిషేధమే. తొలి పిడికెడు సమర్పణ అయిన మరుక్షణం మాత్రం చేనంతా తినదగినదవుతుంది.

బైబులులోని లేవీయ కాండము 23వ అధ్యాయాన్ని ఈ ఆచారం ఎరిగినవారు చదివితే అపరిచిత లోకంలో అడుగుపెట్టినట్లు ఉండదు. తొలి పనను యాజకుని వద్దకు తేవాలనీ, విశ్రాంతి దినం మరునాడు అతడు దానిని దేవుని ఎదుట అల్లాడించి సమర్పించాలనీ, ఆ దినం వరకు కొత్త ధాన్యంతో చేసిన రొట్టె గాని వేయించిన గింజలు గాని పచ్చి వెన్నులు గాని ముట్టరాదనీ అక్కడి శాసనం. యేసు సిలువ మీద మరణించింది శుక్రవారం. సమాధి ఖాళీగా కనబడింది విశ్రాంతి దినం మరునాడు. కొరింతు సంఘానికి రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయంలో పునీత పౌలు, లేచిన క్రీస్తును నిద్రించినవారిలో నుంచి వచ్చిన ప్రథమ ఫలంగా వర్ణించడానికి నేపథ్యం ఇదే. పట్టణపు దేవాలయంలో ఈ మాట ఒక బిరుదులాగా వినబడి గడిచిపోతుంది. ప్రథమ ఫలమంటే మొదటి స్థానం, గొప్పతనం అన్న అర్థం మాత్రమే మిగులుతుంది. కొత్త పెట్టకుండా మామిడి పండు కొరకని ఊరిలో మాత్రం ఇది వాదనగా వినబడుతుంది: తొలి ఫలం సమర్పితమైందంటే చేను మొత్తానికీ విడుదల దొరికినట్లే, ఒకడు లేచాడంటే తక్కిన పంట కూడా లేవవలసిందే. పునరుత్థానాన్ని ఒక్క మనిషికి జరిగిన అద్భుతంగా కాక, మానవజాతి అంతటికీ తెరుచుకున్న కోతగా పౌలు చెప్పదలచుకున్నాడన్న సంగతి, వేదాంత కళాశాలల వ్యాఖ్యానాల కంటె ఈ కొండ ఆచారంలోనే తేటగా కనబడుతుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

అయితే పోలికను మితిమీరి లాగితే రెండిటికీ అన్యాయం జరుగుతుంది. కొత్తల పండుగలో సమర్పణ మనిషి నుంచి దేవత వైపు సాగుతుంది, పాస్కలో దేవుడే మానవ క్షేత్రం నుంచి తొలి పనను ఎత్తి మనుషులకు చూపుతాడు. అంతకంటె లోతైన భేదం కాలానికి సంబంధించినది. కొర్ర ఏటా పండుతుంది, ఏటా కొత్త అవుతుంది. క్రీస్తు పునరుత్థానం మాత్రం ఒక్కసారే జరిగినదనీ, అది ఋతువులా తిరిగి వచ్చేది కాదనీ కథోలిక సిద్ధాంతం పట్టుబడుతుంది. చిగురించే చెట్టును, గుడ్డులోంచి వచ్చే పిల్లను చూపించి పాస్కను వివరించే బోధకులు, తెలియకుండానే, ఈ పట్టుదలను సడలిస్తున్నారు. వసంతం రావడానికి విశ్వాసం అక్కరలేదు. అది నమ్మనివాడి చేనుకూ వస్తుంది. కాబట్టి పునరుద్ధరణ అన్నప్పుడు క్రొత్తదయ్యేది ఆ సంఘటన కాదు, దానితో విశ్వాసికి ఉన్న సంబంధం.

పాస్క జాగరణ అనే రాత్రి ఆరాధన ఈ రెండు కాలాలను ఒకచోట ఎలా కలుపుతుందో దాని క్రమాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పవిత్ర శనివారం చీకటి పడిన తరువాతనే అది మొదలు కావాలి, ఆదివారం తెల్లవారకముందే ముగియాలి. దేవాలయం వెలుపల కొత్త నిప్పు రాజేసి, గురువు ఒక పెద్ద క్రొవ్వొత్తి మీద సిలువ గుర్తును, గ్రీకు అక్షరమాలలోని మొదటి, చివరి అక్షరాలను, ఆ సంవత్సరపు నాలుగు అంకెలను చెక్కి, క్రీస్తు గాయాలకు గుర్తుగా అయిదు సాంబ్రాణి గింజలను అందులో గుచ్చుతాడు. రెండు వేల ఏళ్ల నాటి సంఘటనకు గుర్తయిన వత్తి మీద ఈ ఏటి అంకె పడుతుందన్నమాట. పండుగ ఏర్పాట్ల గురించి 1988లో వాటికను ఇచ్చిన సూచనల ప్రకారం ఈ వత్తి నిజమైన మైనంతో చేసినదై ఉండాలి, ప్రతి ఏడూ కొత్తది కావాలి, నకిలీది పనికిరాదు. ఆ వెలుగు ముందు పాడే ప్రాచీన లాతీను స్తుతిగీతం 'ఎక్సుల్తెత్', రాత్రి మహిమను కీర్తిస్తూ కీర్తిస్తూ మధ్యలో తేనెటీగల దగ్గర ఆగి, ఈ మైనం వాటి శ్రమ ఫలమని చెబుతుంది. పట్టణపు విశ్వాసికి అలంకారమాత్రంగా తోచే ఈ ప్రస్తావన, కొండచరియకు తాళ్లు కట్టుకొని దిగి తేనెపట్టు కోసి, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు తేనె అమ్ముకునే కుటుంబాలకు తమ పని దైవార్చనలో పేరు పొందిన చోటుగా వినబడే అవకాశం ఉన్నది. ఆ వరుస తమకు అర్థమయ్యే భాషలో వారికి ఎప్పుడైనా వివరించబడిందా అన్నది వేరే సంగతి.

జాగరణకు ఇప్పుడున్న రూపం ప్రాచీనమూ కాదు, కొత్తదీ కాదు. మధ్యయుగాల నుంచి ఈ ఆరాధన వెనక్కు జరుగుతూ జరుగుతూ శనివారం ఉదయానికి వచ్చి, పట్టపగటి వెలుతురులో గురువు ఒకరిద్దరు సహాయకులతో ముగించే తంతుగా మిగిలిపోయింది. ఇప్పటి ఫ్రాన్సులోని ఆనెసీ పట్టణం నుంచి వచ్చిన పునీత ఫ్రాన్సిస్ దె సాల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరి, 19వ శతాబ్ది మధ్యకల్లా గంజాం సీమలోని సురాడ వంటి చోట్లకు విస్తరించిన కాలంలో ఈ ప్రాంతపు తొలి కథోలికులు ఎరిగిన జాగరణ అటువంటిదే. 1951లో 12వ పయస్ పోపు దానిని ప్రయోగాత్మకంగా రాత్రికి మరల్చి, 1955లో పవిత్ర వారమంతటినీ సంస్కరించాడు. విశ్వాసులందరూ కలిసి జ్ఞానస్నాన వాగ్దానాలను పునరుద్ధరించే భాగం జాగరణలోకి వచ్చింది ఆ 1951 సంస్కరణతోనే. లాతీను తప్ప మరొక భాష బలిపీఠం దరి చేరని ఆ రోజులలో ఈ ఒక్క భాగాన్ని ఎక్కడివారు అక్కడి ప్రజల భాషలో జరుపుకోవచ్చునని ఆ క్రమం అనుమతించింది. మాట ఇచ్చేవాడికి తాను ఇస్తున్న మాట తెలియాలన్న ఎరుక దాని వెనుక ఉన్నది.

ఈ అనుమతి అరకు లోయలో ఇంకా పూర్తిగా వాడుకోబడలేదు. వాగ్దానాల పునరుద్ధరణలో గురువు ఆరు ప్రశ్నలు వేస్తాడు. మొదటి మూడింటిలో సాతానును, వాడి క్రియలను, వాడి ఆడంబరాలను విడనాడుతున్నారా అని అడిగితే, తక్కిన మూడింటిలో పితను, పుత్రుని, పవిత్రాత్మతో పాటు సంఘాన్నీ పాపక్షమాపణనూ శరీరోత్థానాన్నీ నిత్యజీవాన్నీ విశ్వసిస్తున్నారా అని అడుగుతాడు. ప్రశ్న తెలుగులో ఉంటుంది. కొండ మీది కోందు కుటుంబం ఇంట్లో మాట్లాడేది కువి. సంతలో రకరకాల తెగలు కలిసినప్పుడు వాడేది ఆదివాసీ ఒడియా. బడిలో, కార్యాలయంలో వినేది తెలుగు. జవాబు బిగ్గరగానే వస్తుంది గాని, అది మనసులోంచి వచ్చిందా, నేర్చుకున్న వరుసలోంచి వచ్చిందా అని అడగడం నింద కాదు, 1951 నాటి అనుమతి లేవనెత్తిన ప్రశ్నే.

విడనాడటం అన్న మాటలోనే మరొక చిక్కు ఉన్నది. విడనాడవలసినది ఏది? నిశాని దేవత రాయిని, పెద్దలకు పెట్టే పిడికెడు అన్నాన్ని, థింసా నాట్యపు అడుగును కూడా ఆ మాట కిందికే నెట్టిన కాలం ఒకటి ఉండేది. కొండలలోని అనేక క్రైస్తవ శాఖల బోధనలో అది ఇప్పటికీ ఉన్నది. రెండవ వాటికను మహాసభ 1965లో వెలువరించిన రెండు పత్రాలు, ఇతర మతాలలోని సత్యమూ పవిత్రమూ అయిన దేనినీ సంఘం త్రోసిపుచ్చదని ఒకటి, ప్రతి జాతి సంప్రదాయంలోనూ దాగి ఉన్న మేలును గుర్తించాలని రెండవది, కథోలిక బోధకు వేరే దారి తెరిచాయి. దాని ఫలితంగా భారత సంఘం 1969లో దైవార్చనలో పన్నెండు అనుసరణలకు అనుమతి పొందింది: చేతులు జోడించి నమస్కరించడం, హారతి, దీపస్తంభం, నేల మీద కూర్చోవడం వంటివి. ఆ పన్నెండింటిని అరకులో నిలబడి చదివితే ఒక లోపం వెంటనే కంటబడుతుంది. అవి చాలావరకు పెద్ద గుడుల, మఠాల సంప్రదాయం నుంచి తీసుకున్నవి. దళిత, ఆదివాసీ వేదాంతులు ఆ మాట చెబుతూ వచ్చారు. హారతి పళ్లెం కొండ దేవాలయంలోకి వచ్చింది గాని, కొత్తల పండుగలోని తొలి పిడికెడు రాలేదు. పౌలు వాదనకు అంత దగ్గరగా ఉన్న ఆచారం గడప బయటే ఉండిపోయి, దానితో అంతగా సంబంధం లేని ఆచారం లోపలికి రావడం విచిత్రమే.

పునరుత్థానం గురించిన ఏ బోధ అయినా కొండలలో చివరకు చచ్చినవారి దగ్గరకు వచ్చి తీరుతుంది. కోరాపుట్ పీఠభూమి గదబలలో గోతర్ అనే మహా అంత్యకర్మ ఉన్నది. చనిపోయినవారిని ఎద్దులలోకో దున్నలలోకో ఆవాహన చేసి, ఆ పశువులను ఇతర బంధువర్గాలకు అప్పగించి, రాళ్లు నిలిపి, ఆ తరం మృతులను పూర్వీకులలో కలిపే కార్యం అది. పర్లాకిమిడి వైపు కొండల సవరలలో మరొక పద్ధతి. 1970ల నుంచి వారి మధ్య జీవించి పరిశోధించిన పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు, పూనకంలో ఉన్న పూజారిణి నోటి ద్వారా మృతులతో బంధువులు సంవత్సరాల తరబడి మాట్లాడుకోవడం, తగవులాడుకోవడం, సమాధానపడటం గురించి 1993లో ఒక గ్రంథం రాశాడు. 2017లో వెలువడిన మరొక గ్రంథంలో, వారి పిల్లల తరం బాప్టిస్టులుగా మారిన తరువాత ఆ సంభాషణ నిలిచిపోవడాన్ని, ఆ మౌనంలో వారు పొందినదానితో పాటు పోగొట్టుకున్నదానినీ నమోదు చేశాడు.

ఈ చోట కథోలిక సంప్రదాయం ప్రొటెస్టెంటు సంప్రదాయం నుంచి విడివడుతుంది. మృతులతో సంభాషణను అది అనుమతించదు గాని, మృతుల కోసం ప్రార్థించడాన్ని మాత్రం విడువదు. ఉత్తరించు స్థలం, అంటే రక్షణ పొందినవారు దేవుని చేరేముందు శుద్ధి పొందే స్థితి అన్న బోధ, ఏటా నవంబరు 2న జరిగే మృతుల స్మరణ దినం, బ్రతికినవారికీ చనిపోయినవారికీ మధ్య పునీతుల సంబంధం ఉన్నదని చెప్పే విశ్వాస సంగ్రహం, ఇవన్నీ ఆ తలుపును ఓరవాకిలిగా ఉంచుతాయి. పాస్క రాత్రి వెలిగించిన ఆ వత్తినే ఏడాది పొడుగునా జ్ఞానస్నానాలకు, అంత్యక్రియల పూజలో శవపేటిక పక్కన వెలిగిస్తారు. పుట్టుకకూ చావుకూ ఒకే దీపం. తెలుగు నేల మీద అనేక క్రైస్తవ కుటుంబాలు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి, సున్నం వేసిన సమాధుల మీద పూలు చల్లి క్రొవ్వొత్తులు వెలిగించడం వెనుక ఉన్నదీ ఈ భావమే. పెద్దలకు పాలు పెట్టకుండా కొత్త తినని కొండ క్రైస్తవుడికి, తొలి ఫలమైన క్రీస్తు వెనుక తన పెద్దలు కూడా కోతకు వేచి ఉన్న చేనులోనే ఉన్నారని చెప్పగలిగిన బోధ, వారిని చీకట్లో వదిలేసిన బోధకంటె సత్యానికి దగ్గరగా ఉంటుంది.

వాగ్దానం ఎప్పుడూ ప్రశాంతంగా పలికే మాట కాదని ఈ కనుమలకు తెలుసు. విశాఖ గురువులు సురాడలో నాటిన మొక్క నుంచి, తరువాత 1922లో వచ్చిన స్పెయిన్ దేశపు విన్సెంటు సభ గురువుల శ్రమ నుంచి పెరిగిన ఒడిశాలోని కందమాల్ కథోలిక సంఘం 2007 డిసెంబరులోనూ, 2008 ఆగస్టు 23న హిందూ మతనాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తరువాతనూ తీవ్రమైన హింసకు గురయింది. దేవాలయాలు, వేలాది ఇళ్లు తగలబడ్డాయి, వేలమంది అడవులకూ శిబిరాలకూ పారిపోయారు. ఊరికి తిరిగి రావాలంటే మతం మార్చుకోవాలని బలవంతపెట్టిన ఘటనలు నమోదయ్యాయి. ఆ ఘర్షణ కేవలం మతానిది కాదు. క్రైస్తవులైనా గిరిజన హోదా నిలుపుకునే కోందులకూ, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం స్వీకరించగానే షెడ్యూల్డు కులాల హోదా కోల్పోయే పాణోలకూ మధ్య భూమి, రిజర్వేషన్ల తగవు దాని కింద రగులుతూ ఉన్నది. ఆ హింసలో చంపబడిన కాంతేశ్వర్ దిగల్‌నూ ఆయన సహచరులు 34 మందినీ వేదసాక్షులుగా పరిశీలించే ప్రక్రియ ప్రారంభించడానికి వాటికను 2023 అక్టోబరులో అభ్యంతరం లేదని తెలిపింది.

వేదసాక్షులను స్మరించడం సంఘానికి సులువు. బెదిరింపు కింద తలవంచి సంతకం చేసినవారి సంగతే కష్టం. 250లో డేసియస్ చక్రవర్తి హింసలో దేవతలకు ధూపం వేసి ప్రాణం దక్కించుకున్న క్రైస్తవులను తిరిగి చేర్చుకోరాదని రోములో నొవాషియను పట్టుబట్టాడు. పశ్చాత్తాపం తరువాత చేర్చుకోవాలన్న కార్తేజు పీఠాధిపతి సిప్రియను పక్షమే నిలిచింది. ఆ తరువాతి శతాబ్దాలలో రోములో అటువంటివారిని తిరిగి సంఘంలో కలిపే దినం పవిత్ర గురువారం, అంటే పాస్కకు మూడు రోజుల ముందు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో, మూడుసార్లు బొంకిన పేతురును లేచిన క్రీస్తు సరస్సు ఒడ్డున మూడుసార్లు ప్రేమను గురించి అడుగుతాడు. పాస్క రాత్రి అడిగే ప్రశ్నలు కూడా ఇటువంటి చరిత్ర ఉన్నవారిని ఉద్దేశించినవే. మాట తప్పనివాడికి మళ్లీ మాట ఇవ్వవలసిన అగత్యం లేదు. వాగ్దానం పునరుద్ధరించబడుతున్నదంటే, అది ఎక్కడో ఎప్పుడో చిరిగి ఉన్నదని సంఘమే ముందుగా ఒప్పుకుంటున్నదన్నమాట. కొత్తల పండుగ ఏటేటా రావడానికి కారణం పంట ఏటేటా తరగడం అయితే, ఈ రాత్రి ఏటేటా రావడానికి కారణం మనిషి ఏటేటా తరగడం.

ఆచరణలో ఇదంతా దారుల మీదా మనుషుల మీదా ఆధారపడి ఉంటుంది. ఒక విచారణకు, అంటే ఒక గురువు అధీనంలోని ప్రాంతానికి, మన్యంలో అనేక కొండ గూడేలు చేరి ఉంటాయి. ఒక దేవాలయంలో జాగరణ ఒక్కసారే జరగాలి గనుక చిన్న సంఘాలు ఒకచోట కూడాలని 1988 సూచనలు కోరుతాయి. గెడ్డలు దాటి రాత్రిపూట నడవలేని ముసలివారు, బాలెంతలు ఊళ్లోనే ఉండిపోతారు. వారికి వాగ్దానాల పునరుద్ధరణ ఆదివారపు పూజలోనో, గురువు వీలు చూసుకొని వచ్చిన మరొక రోజునో దొరుకుతుంది. ఈ ఖాళీని పూరించేవాడు ఉపదేశి, అంటే ఊరిలోనే ఉంటూ ప్రార్థన నడిపి జ్ఞానోపదేశం నేర్పే గృహస్థుడు. ప్రశ్నను తెలుగులో విని కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో ఇంటింటికీ విప్పి చెప్పగలిగినవాడు అతడే. కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి తాము పొందినదేమిటో వివరించడానికి ప్రాచీన సంఘం పాస్క నుంచి పెంతెకోస్తు వరకు యాభై దినాలను కేటాయించింది, 1972లో వెలువడిన పెద్దల జ్ఞానస్నాన క్రమం ఆ పద్ధతిని తిరిగి నిలబెట్టింది. కొండలలో ఆ యాభై దినాలు పోడు నరికి కాల్చి, తొలకరికి ముందు విత్తనాలు సిద్ధం చేసుకొనే దినాలు కూడా కావడంతో, పగలంతా వాలుమీద ఉండే మనుషులకు ఆ బోధ ఏ వేళ, ఏ గట్టు మీద చెప్పాలన్నది ఉపదేశి తేల్చుకోవలసిన పని అవుతుంది.